ఆసనం అడుగున అక్షరాలు

15వ శతాబ్దికి చెందిన తెలంగాణ కవి కొరవి గోపరాజు తెలుగులో 'సింహాసన ద్వాత్రింశిక' అనే కథాకావ్యాన్ని రచించాడు. ఒక చేనిలోని దిబ్బ మీదికి ఎక్కినప్పుడు ఉదారంగా మాట్లాడిన మనిషి దిగగానే లోభిగా మారిపోతాడు. ఆ వింతకు కారణం వెదకిన భోజరాజు దిబ్బను త్రవ్వించగా విక్రమార్కుని సింహాసనం బయటపడుతుంది. రాజు దానిని అధిష్ఠింపబోయినప్పుడెల్లా దాని మీది ముప్పది రెండు బొమ్మలలో ఒక్కొక్కటి ఒక్కొక్క కథ చెప్పి ఆయనను వారిస్తుంది. వినోదం కొరకు చదివే కథే అయినా, ఇందులో ఒక విషయం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఆ ఆసనం సంగతులన్నీ తెలిసికొనడం కంటె ముందుగా భోజుడు దాని మీద కూర్చుండడానికే పూనుకొన్నాడు. బొమ్మలే నోరు విప్పవలసి వచ్చింది.

మన ఇండ్లలోని కుర్చీలకు బొమ్మలు లేవు. కనుక అవి నోరు విప్పవు. హైదరాబాదు-విజయవాడ రహదారి మీద ఉన్న మా నకిరేకల్‌లో నిమ్మకాయల బస్తాలు నింపుకొని పోయే లారీల నడుమ అప్పుడప్పుడు ఒక చిన్న ట్రాలీ కనబడుతుంది. దాని మీద కాళ్ళు పైకి పెట్టుకొన్న టేకు కుర్చీలు, పేము అల్లిక చినిగిన పడక కుర్చీ, ఒక మూత లేని భోషాణం, బేకలైటు పెట్టెలోని రేడియో త్రాళ్ళతో కట్టబడి ఉంటాయి. ఊరూరా తిరిగి రెండు ప్లాస్టిక్ కుర్చీలిచ్చి ఒక టేకు కుర్చీని మార్చుకొని పోయే వ్యాపారి సరుకు అది. ఇచ్చినవారికి అటక ఖాళీ అయినదన్న సంతోషం. కొన్ని నెలల తరువాత అదే కుర్చీ నగరంలోని ఒక దుకాణంలో తళతళ మెరిసే వార్నిషుతో, 'నిజాం కాలపు వస్తువు' అన్న చీటీతో దర్శనమిస్తుంది. ఏ ఊరిది, ఎవరి ఇంటిది, ఏ వడ్రంగి చేసినది అన్న వివరం ఆ చీటీలో ఉండదు. ధర మాత్రం ఉంటుంది.

నేను ఇక్కడ ప్రస్తావిస్తున్నది వేయి సంవత్సరాల నాటి శిల్పాల గురించి కాదు. వాటికి పానగల్లు వంటి చోట్ల మ్యూజియములు ఉన్నాయి, చట్టం ఉంది. నేను చెప్పేది రమారమి 1930 నుండి 1970 వరకు తయారైన వస్తువుల గురించి. అవి మన తాతల నాటివి. పూజించేటంత పాతవి కావు, వాడుకొనేటంత కొత్తవీ కావు. ఈ నడిమి వయసే వాటి దురదృష్టం. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం ఒక వస్తువు పురావస్తువు అనిపించుకొనడానికి కనీసం నూరు సంవత్సరాలు నిండాలి. వ్రాతప్రతులకైతే డెబ్బది ఐదు చాలు. 1950లో చేసిన కుర్చీ ఆ గౌరవం పొందాలంటే 2050 వరకు బ్రతికి ఉండాలి. అంతవరకు దానిని కాపాడవలసినది చట్టం కాదు, మనమే.

ప్రపంచంలోని కళాచరిత్రకారులు 20వ శతాబ్ది మధ్యభాగపు గృహోపకరణాలను ఒక ప్రత్యేకమైన శ్రేణిగా పరిగణిస్తారు. లతలు, సింహపు పాదాలు, పూలగుత్తులు చెక్కే ఆడంబరాన్ని విడిచి, వస్తువు చేసే పనికి తగిన రూపమే దానికి అందమని నమ్మిన కాలమది. ఆ ఆలోచన ఎక్కడో పాశ్చాత్య దేశాలలో పుట్టి అక్కడే ఆగిపోయినదని అనుకోరాదు. 1958లో భారత ప్రభుత్వపు ఆహ్వానం మీద వచ్చిన అమెరికా రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు దేశమంతా తిరిగి ఒక నివేదిక సమర్పించారు. అందులో వారు అన్నిటికంటె మిన్నగా కొనియాడిన వస్తువు మనం నీళ్ళు ముంచుకొనే చెంబు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలసింది. చెంబును చూపించడానికి అమెరికా నుండి మనుషులు రావలసి వచ్చిందే అని నొచ్చుకొనేవారున్నారు. నాకైతే వారు వచ్చినందుకు సంతోషమే.

ఆ నూతన ధోరణికీ హైదరాబాదుకూ ఒక చిత్రమైన సంబంధం ఉంది. పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమంలో 'గోల్కొండ' అనే వసతిగృహం ఉన్నది. ఆ పేరు అంత దూరానికి ఎట్లా వెళ్ళింది? హైదరాబాదు సంస్థాన ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుండి ఆ నిర్మాణానికి లక్ష రూపాయల విరాళం లభించింది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా గోల్కొండ వజ్రాల పేరు ఆ భవనానికి అమరింది. ఆంటొనిన్ రేమండ్ దాని రూపకర్త. 1937 నుండి 1939 వరకు దగ్గర ఉండి పని నడిపించినవాడు జార్జ్ నకషిమా అనే యువకుడు. జపాను దేశీయులైన తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టినవాడు. అరవిందులు ఆయనకు సుందరానందుడని పేరు పెట్టారు. గదులకు కావలసిన మంచాలు, కుర్చీలు, బల్లలు కూడా అక్కడే టేకుతో నిరాడంబరంగా రూపొందాయి. తరువాతి కాలంలో అమెరికాలో కొయ్యపనికి నకషిమా పర్యాయపదమయ్యాడు. ఆయన తొలి ప్రయత్నాలు మన దేశపు టేకు మీద జరిగాయన్న మాట మాత్రం మనలో చాలమందికి తెలియదు. ఆ ఆశ్రమవాసులు ఆ సామానును మ్యూజియములో పెట్టలేదు. వాడుకొంటూనే, తుడుచుకొంటూనే కాపాడుకొన్నారు. సంరక్షణ అంటే గాజు బీరువాలో పెట్టి తాళం వేయడమని భావించేవారు ఈ ఒక్క ఉదాహరణను గమనిస్తే చాలు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ చండీగఢ్ నగరానిది. ల కార్బూజియే ఆ నగరాన్ని రూపొందించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆయన బంధువు పియరీ జెన్నరె 1951 నుండి 1965 వరకు అక్కడే నివసించి, కచేరీలకు, గ్రంథాలయాలకు, కళాశాలలకు కావలసిన ఉపకరణాలను రూపొందించే బాధ్యత వహించాడు. టేకు కొయ్య, పేము అల్లిక, తలక్రిందులైన 'వి' అక్షరం వంటి కాళ్ళు. వాటిని చేసినవారు స్థానిక వడ్రంగులు. వేలకొలదిగా తయారైన ఆ కుర్చీలు కాలక్రమాన పాతబడ్డాయి, విరిగాయి, మిద్దెల మీద వానకు తడిసాయి. కార్యాలయాలు వాటిని తుక్కు ధరకు వేలం వేశాయి. విదేశీ వర్తకులు కొని, బాగుచేయించి, ఐరోపా, అమెరికా వేలంపాటలలో ఒక్కొక్కదానిని లక్షల రూపాయలకు విక్రయించారు. 2011లో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వాటి విక్రయాన్ని నిషేధిస్తూ ఆదేశాలిచ్చే నాటికి ఎన్నో దేశం దాటిపోయాయి. మరొక విశేషం గమనించండి. ఏ కార్యాలయపు గుమాస్తాయో జాబితా కొరకు కుర్చీ వెనుక తెల్లరంగుతో వ్రాసిన అంకెలే ఈనాడు ఆ కుర్చీ అసలైనదని నిరూపించే సాక్ష్యాలయ్యాయి. ఇప్పుడు ఆ అంకెలను కూడా అనుకరించి దొంగ కుర్చీలు తయారుచేస్తున్నారు.

ఇక్కడే నా వృత్తి నాకు గుర్తుకు వస్తుంది. ప్రాచీన కావ్యాలకు అనేక తాళపత్ర ప్రతులు ఉంటాయి. ఏది కవి వ్రాసినది, ఏది లేఖకుడు తప్పు వ్రాసినది, ఏది ఎవరో మధ్యలో చొప్పించినది అని తేల్చడం పరిష్కర్త పని. పాత కుర్చీని పోల్చుకొనడం కూడా అటువంటిదేనని నేను నమ్ముతాను. దానికి కావలసినది డబ్బు కాదు, తిరగవేసి చూచే ఓపిక. కుర్చీ ముఖం అబద్ధం చెప్పవచ్చును, అడుగు భాగం చెప్పదు. పై భాగానికి ఎన్నిసార్లయినా రంగు పూస్తారు. అడుగున ఎవరూ పూయరు. అక్కడ చేతివ్రేళ్ళతో తడిమితే చిత్రిక పట్టిన సన్నని అలలు తగులుతాయి. చేతిరంపపు గాట్లు తిన్నగా ఉంటాయి. మిల్లు రంపపు గాట్లు విల్లువలె వంగి ఉంటాయి. కీళ్ళు చూడండి. ఒక కొయ్య కుసి ఇంకొక కొయ్య రంధ్రంలో బిగిసి, అడ్డంగా కొయ్యమేకు దిగి ఉంటే అది చేయి తిరిగిన పనివాని పని. మరమేకు తల మీద ఒకే గాడి ఉన్నదా, కూడిక గుర్తువలె రెండు గాళ్ళు ఉన్నాయా? ఆ రెండవ రకం అమెరికాలో పుట్టినదే 1930ల దశకంలో. మన పల్లె వడ్రంగి సంచిలోకి రావడానికి ఇంకా చాల కాలం పట్టింది. అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. పాత కుర్చీకి తరువాత ఎవరో కొత్త మరమేకు బిగించి ఉండవచ్చును. కావ్యంలో దానిని ప్రక్షిప్తం అంటాము. ఒక్క ప్రక్షిప్త పద్యం ఉన్నంత మాత్రాన కావ్యమంతా దొంగది కాదు.

పూర్వపు మెరుగు చాలవరకు లక్క మెరుగు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల మీద బ్రతికే పురుగు స్రవించే లక్కను స్పిరిటులో కరిగించి, గుడ్డ ఉండతో పొరమీద పొరగా రుద్దేవారు. స్పిరిటులో ముంచిన దూదితో కనబడని మూల రుద్ది చూస్తే అది మెత్తబడుతుంది. తరువాత వచ్చిన కృత్రిమ వార్నిషులు అంత సులభంగా కరగవు. గుండ్రని బల్ల ఉంటే అడ్డంగా, నిలువుగా కొలవండి. కొయ్య పొడవున కంటె అడ్డంగా ఎక్కువ కుంచించుకొనిపోతుంది కనుక, ఏళ్ళు గడచిన బల్ల పూర్తి గుండ్రంగా ఉండదు. కొయ్యే కాదు, లోహపు వస్తువులకూ చరిత్ర ఉంటుంది. 1942లో హైదరాబాదులో ఆరంభమైన ఆల్విన్ సంస్థ ఉక్కు సామాను, బస్సుల బాడీలు, రిఫ్రిజిరేటర్లు, ఆపైన చేతిగడియారాలు తయారుచేసింది. ఆ సంస్థ ఇప్పుడు లేదు. దాని పేరు చెక్కిన లోహపు బిళ్ళ ఊడదీసి పారవేసిన రోజున, ఆ బీరువా ఏ ఊరిదైనా కావచ్చును.

పోల్చుకొన్న తరువాత బాగుచేయడం. ఈ విషయంలో లోకం రెండు వర్గాలుగా చీలి ఉంది. పాతదానిని ముట్టుకోరాదనేవారు కొందరు. కొత్తదానివలె మెరిపించాలనేవారు మరికొందరు. నేను మొదటివారి వైపు కొంచెం మొగ్గుతాను గాని, కాలు ఊగే కుర్చీని పూజామందిరంలో పెట్టుకొమ్మని ఎవరికీ చెప్పను. కుర్చీ కూర్చుండడానికే. కాని ఈ రోజు మనం చేసిన మరమ్మతును రేపు ఇంకొకరు విప్పుకొనగలగాలి. ఈ రహస్యం పాత వడ్రంగులకు తెలుసు. వారు వజ్రం అని పిలిచే జిగురు పశువుల తోలు నుండి, ఎముకల నుండి తీసినది. వేడి, తడి తగిలితే పట్టు విడుస్తుంది. కనుక నూరేండ్ల తరువాత కూడ కీలును నొప్పించకుండా విప్పి మరల బిగించవచ్చును. 1959లో ఫెవికాల్ వచ్చినప్పటి నుండి పని సులువైనది, పట్టు గట్టిదైనది. ఆ గట్టిదనమే చిక్కు. తరువాత విప్పబోతే కీలు కాదు, కొయ్య విరుగుతుంది. ఇక జారిన పేము అల్లికను వెంటనే కోసి పారవేస్తారు. తెగకుండా కేవలం జారి ఉంటే, అడుగు వైపు నుండి నీటితో తడిపి నీడన ఆరబెడితే అది చాలవరకు తనంత తానే బిగుసుకొంటుంది. దీనికి అయ్యే ఖర్చు ఒక చెంబెడు నీళ్ళు.

ఇంతగా చెప్పే నేను ఒక నేరం చేసినవాడను. మా తాతగారు ఈ ప్రాంతపు పల్లెలో బడిపంతులు. ఆయన పడక కుర్చీ నా వంతుకు వచ్చింది. టేకు చట్రం, పొడవైన చేతులు, పేము అల్లిక. సుమారు ఇరువది ఏండ్ల క్రిందట మేము కొత్త ఇల్లు కట్టుకొన్నప్పుడు, గృహప్రవేశానికి వచ్చేవారి ముందు అది మాసి కనబడరాదని, మెరుగుపనివానిని పిలిచి పూర్తిగా గీకి కొత్తదానివలె చేయమన్నాను. అతడు దానిని తలక్రిందులు చేసి, "సారూ, కిందికి ఏవో అక్షరాలున్నయి, ఉంచాల్నా?" అని అడిగాడు. ఏ పుస్తకం చేత పట్టుకొని ఉన్నానో గాని, ఒక్కసారి వంగి చూచాను. ఉలి మొనతో గీసిన 'వడ్ల' అన్న మాట, దాని ప్రక్కన 'రా', ఆ తరువాత మరి రెండు మూడు అక్షరాలు, వాటి క్రింద 1356 అన్న అంకె. ఏ సామాను లెక్క సంఖ్యయో అనుకొన్నాను. తీసివేయమన్నాను. గరుకు కాగితం పావుగంటలో తన పని తాను చేసింది.

కొన్ని సంవత్సరాల తరువాత భూమి పంపకాల సందర్భంలో పాత పహాణీ నకళ్ళు చదువవలసి వచ్చింది. వాటిమీద తేదీలన్నీ ఫసలీలో ఉన్నాయి. హైదరాబాదు సంస్థానంలో వాడిన ఆ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తు శకం వస్తుంది. 1356 ఫసలీ అంటే 1946-47. అది లెక్క సంఖ్య కాదు, కుర్చీ పుట్టిన సంవత్సరం. ఆ పైన ఉన్నది దానిని చేసినవాని పేరు. మన కవులు ప్రతి ఆశ్వాసం చివర తమ పేరు, తండ్రి పేరు, గురువు పేరు చెప్పుకొంటూ ఒక గద్య వ్రాస్తారు. కాలం తెలియని కవులను సైతం ఆ గద్యలను పట్టుకొనే పోల్చుకొంటాము. నా పరిశోధనలో సగభాగం అటువంటి గద్యల మీదనే నడిచింది. అటువంటి నేను నా ఇంటిలో ఉన్న ఒకే ఒక గద్యను గీకించివేశాను. ఆ వడ్రంగి రామయ్యయా, రాజయ్యయా, రాములా? ఊహలు తప్ప పాఠం లేదు.

ఆ సంవత్సరం ఎటువంటిదో కూడ ఆలోచించండి. 1946లో ఈ నల్లగొండ ప్రాంతంలో దేశ్‌ముఖుల దౌర్జన్యానికి వ్యతిరేకంగా రైతాంగ సాయుధ పోరాటం చెలరేగి 1951 వరకు సాగింది. ఆనాటి ప్రధానమైన బాధలలో ఒకటి వెట్టిచాకిరి. కుమ్మరి కుండలు, చాకలి సేవ, వడ్రంగి పనిముట్లు, ఇవన్నీ గడీకి ఉచితంగా చేరవలసినవే. దొర కూర్చున్న చోట సామాన్యునికి ఆసనం లేదు. తాను కూర్చుండడానికి వీలులేని కుర్చీలను ఊరి వడ్రంగి ఉచితంగా చేసి ఇచ్చాడు. ఈనాడు నగరపు దుకాణాలలో గడీల సామాను అని ముచ్చటపడి కొనే వస్తువులలో ఈ కథ కూడ ఉంది. పాత వస్తువులను చూచి 'ఆ కాలమే వేరు' అని నిట్టూర్చేవారితో నేను ఏకీభవించలేను. ఆ కాలం వేరే. అందరికీ ఒకే విధంగా వేరు కాదు. మా తాతగారి కుర్చీ వెట్టిది కాదు, ధాన్యం కొలిచి చేయించుకొన్నదని మా నాయన చెప్పేవాడు. ఆ వడ్రంగి ఆసనం అడుగున తన పేరు చెక్కుకొన్నది ఎందుకో నాకు తెలియదు. మీద చెక్కే అలవాటు, చనువు ఆనాడు లేవు. ఎవరూ చూడని చోట చెక్కుకొన్నాడు.

కొందరు మిత్రులు నన్ను అడుగుతారు: ఇవన్నీ కూడబెట్టి ఏమి చేయాలి, ఇల్లు మ్యూజియం కావాలా? కానక్కరలేదు. సాలార్‌జంగ్ వంటి ప్రభువుకు అది చెల్లింది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన సంపద 1951లో మ్యూజియమై ప్రజలకు దక్కింది. మనవంటివారికి ఒక్క కుర్చీ, ఒక్క చెంబు, ఒక్క గోడగడియారం చాలు. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటి అటక ఎక్కి అక్కడి వస్తువును తలక్రిందులు చేసి చూడండి. అమ్మమ్మనో, నాయనమ్మనో ప్రక్కన కూర్చోబెట్టుకొని అది ఎవరు చేశారు, ఎప్పుడు వచ్చింది, దాని మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు కూర్చునేవారు కారు అని అడిగి వ్రాసుకొనండి. ఆ తరువాత అమ్మదలచుకొంటే అమ్ముకొనండి. ఆ కాగితం మాత్రం మీ దగ్గర ఒక ప్రతి, కొన్నవాని చేతిలో ఒక ప్రతి ఉండనీయండి. మా ఊరిలో ఇప్పుడు పేము అల్లగలిగినవారిని వెదకవలసి వస్తున్నది. కర్మాగారపు తలుపులు, బిగింపు బల్లలు వచ్చిన తరువాత వడ్రంగుల పిల్లలు ఇతర పనులలోకి వెళ్ళిపోయారు. అందుకు వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. వారి తాతల పేర్లను గరుకు కాగితంతో తుడిచినది మనమే.

మా కుర్చీ ఇప్పటికీ వరండాలో ఉంది. క్రిందటి సంవత్సరం దాని అల్లిక తెగితే ఒక వృద్ధుడైన పనివానిని ఎంతో వెదకి పిలిపించాను. అప్పటికే నేను ఆసనం అడుగున ఒక చిన్న కాగితం దారంతో కట్టి ఉంచాను. పాఠం శిథిలమైన చోట పరిష్కర్త చుక్కలు పెట్టి ఊరకుండాలి గాని తన కవిత్వం నింపరాదు. ఆ నియమం ప్రకారమే అందులో ఇట్లు వ్రాశాను: 'ఇచ్చట వడ్ల రా... 1356 అని ఉండెను. శేషాక్షరములు యజమాని అజ్ఞానము వలన నశించినవి.' ఆయన పని ముగించి, కళ్ళద్దాలు సవరించుకొని, ఆ కాగితాన్ని కూడబలుక్కొని చదివాడు. కొంతసేపు నవ్వి, "మరి గిండ్ల నా పేరు రాయరా, సారూ?" అన్నాడు. పెన్ను తెచ్చి అతని పేరు, ఊరు, ఆనాటి తేదీ ఆ చీటీ మీదనే, చుక్కల క్రింద, వ్రాశాను.